సివిల్ చదివి ఆర్మీలో ఇంజనీర్ ఆఫీసర్ అయితే, తర్వాత మిలిటరీ కాలేజీలో పాఠాలు చెప్పే ఛాన్స్ ఉంటుందా?

బాబూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నువ్వు కాకినాడలో సివిల్ థర్డ్ ఇయర్, నాన్నగారు హైస్కూల్ మాస్టారు, నీకూ పాఠం చెప్పడమంటే ఇష్టం, చిన్నప్పటినుంచీ ఆర్మీ అంటే ఇష్టం. ఈ రెండు ఇష్టాలూ ఒకే ఉద్యోగంలో కుదురుతాయా, ఇంజనీర్ ఆఫీసర్‌గా చేరితే కొన్నాళ్ళకి మిలిటరీ కాలేజీలో ఇన్‌స్ట్రక్టర్ అవ్వచ్చా, లేకపోతే నేరుగా ఎడ్యుకేషన్ కోర్‌లో చేరడం మేలా, ఈలోపు చదివిన సివిల్ అంతా మర్చిపోతానా అని అడిగావు. ఇంట్లో అందరూ సాఫ్ట్‌వేర్ కోచింగ్ అంటున్నారని కూడా రాశావు, దాని గురించి నేనేం చెప్పలేను, మిగతావి చెప్తాను.

నేను మద్రాస్ సాపర్స్‌లో, అంటే ఆర్మీ ఇంజనీర్ల దళాల్లో ఒకదాన్లో, చేరి కల్నల్‌గా రిటైర్ అయ్యాను. అందులో రెండు టెన్యూర్లు, అంటే రెండు పోస్టింగ్‌ల కాలం, పూర్తిగా పాఠాలు చెప్పడమే పని. మాది గోదావరి గట్టు పక్క ఊరు, నీలాగే తెలుగు మీడియం నుంచి వచ్చినవాణ్ణి.

సూటిగా చెప్తే: అవ్వచ్చు. కానీ ఇన్‌స్ట్రక్టర్ అనేది ఆర్మీలో విడిగా ఒక కెరీర్ కాదు, మధ్యలో వచ్చే రెండు మూడేళ్ళ పోస్టింగ్. అది అడిగితే రాదు, ఫీల్డ్‌లో చేసిన పనిని బట్టి, కోర్సుల్లో వచ్చిన గ్రేడింగ్‌ని బట్టి వస్తుంది. ఇంకో మాట, ఇది నువ్వు అడగలేదు కానీ నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే. ఇంజనీర్ ఆఫీసర్ పనిలో సగం పాఠం చెప్పడమే. అది పూణెలోని మిలిటరీ ఇంజనీరింగ్ కాలేజీకి పోస్టింగ్ వచ్చాక మొదలయ్యేది కాదు, ప్లటూన్, అంటే జవాన్ల చిన్న దళం, చేతికొచ్చిన మొదటి వారమే మొదలవుతుంది. ఆ పాఠం వినేది బీటెక్ పిల్లలు కాదు, పదో తరగతో ఇంటరో చదివి వచ్చిన జవాన్లు. వాళ్ళకి చెప్పడం నీకు ఇష్టమైతే కళ్ళు మూసుకుని రా. పెద్ద కాలేజీలో ప్రొఫెసర్ లాంటి గౌరవం కోసం అయితే మాత్రం ఇంకోసారి ఆలోచించుకో.

ముందు ఈ ఉద్యోగం ఏంటో చెప్పాలి, ఎందుకంటే సివిల్ వాళ్ళు చాలామంది ఆర్మీ ఇంజనీర్ అంటే క్వార్టర్స్ కట్టేవాడు అనుకుంటారు. అదీ ఉంది, ఎమ్ఈఎస్, మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్, అని ఉంటుంది, కంటోన్మెంట్లలో బిల్డింగులు, నీళ్ళు, కరెంటు, రన్‌వేలు వాళ్ళ పని. బోర్డర్ రోడ్స్ ఉంది, 1960లో పెట్టారు, లడఖ్‌లో, అరుణాచల్‌లో రోడ్లు, టన్నెల్స్ వాళ్ళవి, అక్కడా మన ఆఫీసర్లు పోస్టింగ్ మీద వెళ్తారు. కానీ అసలు గుండెకాయ ఇంజనీర్ రెజిమెంట్. మనవాళ్ళు ముందుకెళ్ళడానికి దారి చెయ్యాలి, శత్రువు రాకుండా దారి ఆపాలి. అంటే వంతెన వెయ్యడం, మైన్లు, అంటే మందుపాతరలు, తియ్యడం, మైన్లు పాతడం, అవసరమైతే ఉన్న వంతెన పేల్చెయ్యడం. ఇన్‌ఫాంట్రీ వాడు ఎదురుకాల్పుల్లో ఉన్నప్పుడు నువ్వు వాడి ముందు నేల మీద పాకుతూ ఉంటావు, అది గుర్తుపెట్టుకో.

ఇంజనీర్స్‌లో మూడు గ్రూపులు, రూర్కీలో బెంగాల్ సాపర్స్, ఖడ్కీలో బాంబే సాపర్స్, బెంగళూరులో మద్రాస్ సాపర్స్. మన తెలుగు కుర్రాళ్ళు, తమిళులు, కన్నడిగులు, మలయాళీలు చేరేది మద్రాస్ గ్రూపులో. 1780లో మొదలైంది. ఆర్మీలో అందరూ మా జవాన్లని 'తంబీ' అని పిలుస్తారు, తమ్ముడు అని. ముప్పై ఏళ్ళు ఆ మాట విన్నాను, ఇప్పటికీ ఎవరైనా అంటే తల తిరుగుతుంది ఆ వైపు.

నువ్వు కాకినాడ వాడివి కాబట్టి ఇంకోటి చెప్పాలి. నీళ్ళు తాగే ప్రతి గోదావరి జిల్లా మనిషికీ తెలిసిన ఇంజనీర్ ఆఫీసర్ ఒకడున్నాడు. కాటన్ దొర. ఆయన సివిలియన్ అనుకుంటారు చాలామంది, కాదు. మద్రాస్ ఇంజనీర్స్ ఆఫీసర్. పదిహేనేళ్ళకి ఈస్టిండియా కంపెనీ వాళ్ళ అడిస్కోంబ్ మిలిటరీ స్కూల్లో చేరి, 1821లో మద్రాస్ వచ్చి, బర్మా యుద్ధానికి కూడా వెళ్ళొచ్చి, ఆ తర్వాత కావేరి మీద పని చేసి, 1847లో ధవళేశ్వరం మొదలుపెట్టాడు. 1852కి ఆనకట్ట పూర్తయింది. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట కట్టించిన ఓర్ కూడా కెప్టెనే. మరి ఆ వేలమంది కూలీలకి ఇంగ్లీషు దొర మాట ఎవరు అర్థమయ్యేలా చెప్పారు? వీణెం వీరన్న లాంటి మనవాళ్ళు. కాటన్‌కి కుడిభుజంలా ఉన్న మనిషి ఆయన. డ్రాయింగులో ఉన్నది పని చేసేవాడి చేతుల్లోకి దిగాలంటే మధ్యలో చెప్పేవాడు ఒకడు కావాలి. ఆర్మీలో ఆ మధ్య మనిషివి నువ్వే.

ఇప్పుడు దారి. నీకున్నవి ముఖ్యంగా రెండు. టీజీసీ, టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సు, డెహ్రాడూన్ ఐఎమ్ఏలో, అంటే ఇండియన్ మిలిటరీ అకాడమీలో, ట్రైనింగ్, పర్మనెంట్ కమిషన్, అంటే రిటైర్మెంట్ వయసుదాకా ఆఫీసర్ ఉద్యోగం. ఎస్ఎస్‌సీ టెక్నికల్, షార్ట్ సర్వీస్, 10 ఏళ్ళు, కావాలంటే ఇంకో 4 పొడిగిస్తారు. రెండిటికీ రాత పరీక్ష లేదు, బీటెక్ మార్కుల మీద షార్ట్‌లిస్ట్ చేసి నేరుగా ఎస్ఎస్‌బీకి, అంటే ఐదు రోజుల సెలెక్షన్ ఇంటర్వ్యూకి, పిలుస్తారు. వయసు 20 నుంచి 27. ఫైనల్ ఇయర్ వాళ్ళు కూడా అప్లై చెయ్యొచ్చు. రాత పరీక్ష రాయగలను అనుకుంటే సీడీఎస్, కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష, ఉండనే ఉంది. నీ తమ్ముడెవరైనా ఇంటర్‌లో ఉంటే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ), ఇంకా జేఈఈ మెయిన్ రాసినవాళ్ళకి టెన్ ప్లస్ టూ టెక్నికల్ ఎంట్రీ కూడా ఉన్నాయి. అమ్మాయిలకి షార్ట్ సర్వీస్ టెక్నికల్ ఉంది, 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఇంజనీర్స్‌లో కూడా పర్మనెంట్ కమిషన్ ఇస్తున్నారు. ఖాళీలు, కటాఫ్‌లు ప్రతి నోటిఫికేషన్‌కీ మారతాయి కాబట్టి అవి అఫీషియల్ సైట్‌లోనే చూసుకో, కోచింగ్ సెంటర్ వాట్సాప్ మెసేజ్‌లు నమ్మకు.

జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. సివిల్ బ్రాంచ్ ఖాళీలో సెలెక్ట్ అయినంత మాత్రాన ఇంజనీర్సే వస్తుందని రాసిపెట్టి ఉండదు. ఏ ఆర్మ్, అంటే ఆర్మీలో ఏ విభాగం, అనేది అకాడమీలో మెరిట్, నీ ఛాయిస్, అప్పటి అవసరం చూసి ఇస్తారు. నాతోపాటు ట్రైనింగ్ అయిన ఒక సివిల్ కుర్రాడు ఇంజనీర్స్ తప్ప వేరే వద్దని భీష్మించుకు కూర్చున్నాడు, ఆర్టిలరీ, అంటే ఫిరంగి దళం, వచ్చింది, మొదటి నెలంతా మొహం వేలాడేసుకుని తిరిగాడు, తర్వాత అందులోనే బ్రహ్మాండంగా పైకొచ్చాడు. అందుకని ముందు ఆఫీసర్ అవ్వాలన్న కోరిక ఉండాలి, దాని తర్వాతే ఇంజనీర్.

ట్రైనింగ్‌లో ఉన్నప్పుడే నెలకి 56,100 ఇస్తారు, లెఫ్టినెంట్ బేసిక్ కూడా అదే, దాని మీద మిలిటరీ సర్వీస్ పే 15,500, డీఏ, పోస్టింగ్‌ని బట్టి అలవెన్సులు. రెండేళ్ళకి కెప్టెన్, ఆరేళ్ళకి మేజర్, పదమూడేళ్ళకి లెఫ్టినెంట్ కల్నల్, ఇవి టైముకి వచ్చేస్తాయి. ఆ పైన కల్నల్ నుంచి సెలెక్షన్ బోర్డు, అక్కడ పిరమిడ్ సన్నబడుతుంది, మంచి ఆఫీసర్లు కూడా ఆగిపోతారు. ఇంజనీర్స్ నుంచి పైకి వెళ్ళరు అని ఒక మాట చాలా ఏళ్ళు ఉండేది, బాంబే సాపర్స్ నుంచి వచ్చిన జనరల్ మనోజ్ పాండే 2022లో ఆర్మీ చీఫ్ అయ్యాక ఆ మాట ఎవరూ అనట్లేదు.

కమిషన్ అయ్యాక పూణె దగ్గర దాపోడిలో ఉన్న సీఎమ్ఈకి, అంటే కాలేజ్ ఆఫ్ మిలిటరీ ఇంజనీరింగ్‌కి, యంగ్ ఆఫీసర్స్ కోర్సుకి వెళ్తావు. 1943లో రూర్కీలో స్కూల్‌గా మొదలై, స్వాతంత్ర్యం వచ్చాక పూణెకి మారింది. ఇంజనీరింగ్ డిగ్రీ లేకుండా వచ్చిన ఆఫీసర్లు అక్కడే బీటెక్ చేస్తారు, తర్వాత కొంతమందిని ఎంటెక్‌కి పంపిస్తారు, ఐఐటీల్లో చేసినవాళ్ళు కూడా ఉన్నారు. కాబట్టి సివిల్ మర్చిపోతానా అంటే, డిజైన్ చేతివాటం తగ్గుతుంది, ఇది నిజం, దాచను. ఐఎస్ కోడ్ పట్టుకుని ఫ్లాట్ల బిల్డింగ్ డిజైన్ చెయ్యమంటే పదేళ్ళ తర్వాత తడుముకుంటావు. కానీ మట్టిని చూసి, ఏటి ఒడ్డు చూసి, ఇక్కడ ఎంత బరువు ఆగుతుంది అని అంచనా కట్టే కన్ను మాత్రం బయటి ఇంజనీర్లలో చాలామందికి రానంతగా వస్తుంది.

ఇక పాఠాల సంగతి. నా మొదటి క్లాసు చెప్తాను. లెఫ్టినెంట్‌గా యూనిట్‌కి వెళ్ళిన మొదటి వారం, బ్రిడ్జింగ్ గ్రౌండ్‌లో బెయిలీ బ్రిడ్జి క్లాసు చెప్పమన్నారు. బెయిలీ అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటిది, స్టీల్ పానెళ్ళు పిన్నులతో కలిపి వేసే వంతెన. ఒక్కో పానెల్ పదడుగుల పొడవు, సుమారు 260 కిలోలు, ఆరుగురు మోస్తారు. క్రేన్ అక్కర్లేదు, ఈ ఒడ్డునే కట్టి రోలర్ల మీద ముందుకి తోస్తారు, అదే దాని గొప్పతనం. నేను బోర్డు మీద బెండింగ్ మూమెంట్ డయాగ్రాం వేసి నలభై నిమిషాలు చెప్పాను. ముప్పై మంది నిటారుగా కూర్చుని విన్నారు. డౌట్లు ఉన్నాయా అంటే ఎవరూ లేవలేదు. బాగా అర్థమయింది అనుకున్నాను.

క్లాసు అయ్యాక మా హవల్దార్, చిత్తూరు వైపు మనిషి, తెలుగూ తమిళమూ కలిపి మాట్లాడేవాడు, 'సార్, ఒక్క ఐదు నిమిషాలు నేను చెప్పనా' అన్నాడు. చెప్పమన్నాను. టేబుల్ మీదున్న చెక్క స్కేలు తీసి అంచు దాటి సగం పైగా బయటికి తోశాడు, కింద పడింది. మళ్ళీ పెట్టి, ఈసారి వెనక కొస మీద ఒక రాయి పెట్టి తోశాడు, నిలబడింది. 'ముందు ముక్కు తేలిగ్గా ఉండాలి, వెనక వంతెన బరువుగా ఉండాలి, ముక్కు అవతలి రోలర్ ముట్టుకునేదాకా వెనక బరువు తగ్గకూడదు, తగ్గిందా, ఇదిగో,' అని రాయి తీసేశాడు. స్కేలు టపీమని పడింది. ముప్పై మంది తలలూ ఒక్కసారే ఊగాయి. లాంచింగ్ నోస్, అంటే ఆ తేలిక ముక్కు, ఎందుకు, కౌంటర్‌వెయిట్, అంటే వెనక బరువు, ఎందుకు అన్నది నేను నలభై నిమిషాల్లో చెప్పలేనిది ఆయన ఒక స్కేలుతో చెప్పేశాడు. నాకు ఆ రోజు చెవులు వేడెక్కాయి. ఆ స్కేలు అడిగి తీసుకున్నాను, తర్వాత ఎన్ని పోస్టింగులు మారినా నా పెట్టెలోనే తిరిగింది, ఇన్‌స్ట్రక్టర్‌గా వెళ్ళినప్పుడు ఆఫీసర్ల క్లాసు కూడా దానితోనే మొదలుపెట్టేవాణ్ణి.

2024లో వయనాడ్ కొండచరియలు విరిగిపడ్డప్పుడు చూరల్‌మలలో మా మద్రాస్ సాపర్స్ వేసిన వంతెన టీవీలో చూసే ఉంటావు. 190 అడుగులు, 24 టన్నుల బరువు మోసేది. జులై 31 రాత్రి మొదలుపెట్టి ఆగస్టు 1 సాయంత్రానికి అయిపోయింది, మేజర్ సీతా షెల్కే దగ్గరుండి చేయించారు. అంత వర్షంలో, బురదలో, చీకట్లో అది ఎలా కుదిరిందని అందరూ ఆశ్చర్యపోయారు. అందులో ప్రతి జవానూ అదే పానెల్, అదే పిన్ను, అదే ట్రాన్సమ్ (అడ్డదూలం) ట్రైనింగ్ గ్రౌండ్‌లో ఎన్నోసార్లు ఎత్తినవాడు. తన పక్కవాడి చెయ్యి ఎక్కడుంటుందో చూడకుండానే తెలిసినవాడు. ఎవరో ఒకరు ఎప్పుడో ఓపిగ్గా నేర్పారు వాళ్ళకి. ఆ పేర్లు టీవీలో రావు.

ఇంకో కేసు. మైన్ల క్లాసు. పొట్ట మీద పడుకుని, ప్రాడర్ అనే సన్నటి చువ్వని నేలలోకి ఏటవాలుగా గుచ్చుతూ, అంగుళం అంగుళం వెతుక్కుంటూ వెళ్ళాలి. నిటారుగా గుచ్చితే మైన్ నెత్తి మీద పొడిచినట్టు, ఏటవాలుగా గుచ్చితే పక్కన తగులుతుంది. శ్రీకాకుళం కుర్రాడొకడు, కొత్తగా వచ్చాడు, హిందీ అసలు రాదు, క్లాసు నడిచేది హిందీలో. వాడు ప్రతిసారీ చువ్వ నిటారుగానే పెడుతున్నాడు, ఇన్‌స్ట్రక్టర్ అరుస్తున్నాడు, వాడు ఇంకా బిగుసుకుపోతున్నాడు. నేను పక్కకి పిలిచి తెలుగులో చెప్పాను. విని ఒక్క నిమిషం ఆలోచించి, 'ఎండిపోయిన చెరువులో మట్టగిడసల కోసం పుల్లతో పొడిచి చూసినట్టా సార్? నిలువునా పొడిస్తే చేప చచ్చిపోద్ది, వాలుగా పొడిస్తే తగిలినట్టు తెలుస్తాది' అన్నాడు. అంతే. ఆ తర్వాత కళ్ళకి గంతలు కట్టి ఇసక ట్రేలో డబ్బా మూతలు పాతిపెట్టినా ఒక్కటి కూడా వదల్లేదు. ఆ పోలిక నాకు కూడా తట్టలేదు, వాడి ఊరి చెరువులోనే ఉంది పాఠం. అప్పట్నుంచి ఎవరికి ఏం నేర్పాలన్నా ముందు మీ ఊళ్ళో ఏం పని చేసేవాడివి అని అడగడం అలవాటు చేసుకున్నాను. నువ్వు కూడా చేసుకో.

అసలు ఇన్‌స్ట్రక్టర్ పోస్టింగ్ ఎలా వస్తుందంటే, నువ్వు చేసే ప్రతి కోర్సులోనూ గ్రేడింగ్ ఇస్తారు, దాంతోపాటు ఈ ఆఫీసర్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనికొస్తాడా లేదా అని కూడా రాస్తారు. మార్కులు బాగా వచ్చినా ఆ మాట రాకపోవచ్చు. క్లాసులో నువ్వు తోటివాళ్ళకి ఎలా చెప్తున్నావు, శాండ్ మోడల్ (ఇసకతో చేసిన నేల నమూనా) ముందు నిలబడి ఎలా వివరిస్తున్నావు అన్నీ గమనిస్తారు. ఆ రెండూ కలిసి, యూనిట్‌లో రిపోర్టులు కూడా బాగుంటే, కెప్టెన్, మేజర్ రాంకుల్లో పిలుపు వస్తుంది. ఎక్కడికైనా కావచ్చు, సీఎమ్ఈ, ఎన్‌డీఏ, ఐఎమ్ఏ, చెన్నై ఓటీఏ (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ), మన గ్రూప్ సెంటర్‌లో ట్రైనింగ్ బెటాలియన్, అదృష్టం బాగుంటే భూటాన్‌లో ఉన్న మన ట్రైనింగ్ టీమ్. సీనియర్ అయ్యి స్టాఫ్ కాలేజ్ పాసయ్యాక వెల్లింగ్టన్‌లో ఆ కాలేజీకే డైరెక్టింగ్ స్టాఫ్‌గా, అంటే పాఠం నడిపించే ఆఫీసర్‌గా, కూడా వెళ్ళచ్చు. అకాడమీల్లో అయితే నీ పని ఎక్కువగా కేడెట్లని తీర్చిదిద్దడం, ఫిజిక్స్, లెక్కలు లాంటి సబ్జెక్టులకి సివిలియన్ ప్రొఫెసర్లు, ఎడ్యుకేషన్ కోర్ వాళ్ళు ఉంటారు. ఇంజనీరింగ్ పాఠం ఇంజనీరింగ్‌గా చెప్పాలంటే సీఎమ్ఈ, గ్రూప్ సెంటర్లే.

ఎడ్యుకేషన్ కోర్ గురించి అడిగావు కదా. అది మంచి కోర్, వాళ్ళ ట్రైనింగ్ కాలేజీ పచ్‌మఢీలో ఉంది. జవాన్ల చదువు, మ్యాప్ రీడింగ్, భాషలు వాళ్ళు చూస్తారు. దానికి పీజీ కావాలి, ఎంట్రీ వేరు. జీవితమంతా చదువు చెప్పడమే కావాలంటే అదే సరైనది. కానీ నువ్వు రాసిన దాంట్లో 'వంతెనలు' అనే మాట నాలుగుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. నీకు చేత్తో కట్టడం కావాలి, కట్టింది చెప్పడం కావాలి. అందుకే ఇంజనీర్స్ అంటున్నాను.

ఈ రెండూ ఒకే మనిషిలో చూడాలంటే లెఫ్టినెంట్ జనరల్ ప్రేమీంద్ర సింగ్ భగత్ గురించి తెలుసుకో. బాంబే సాపర్స్. 1941లో అబిసీనియాలో (ఇప్పటి ఇథియోపియా) సెకండ్ లెఫ్టినెంట్‌గా ఉన్నప్పుడు 96 గంటలపాటు, 55 మైళ్ళ దారిలో, 15 మైన్‌ఫీల్డులు తన చేతులతో క్లియర్ చేశాడు. రెండుసార్లు ఆయన ఎక్కిన బండి మైన్ మీద పేలింది, చెవి కర్ణభేరి పగిలింది, అయినా ఇంకొకరికి అప్పగించి వెనక్కి వెళ్ళనన్నాడు. విక్టోరియా క్రాస్ ఇచ్చారు, ఆ యుద్ధంలో అది అందుకున్న మొదటి భారతీయ ఆఫీసర్. అదే మనిషి తర్వాత ఐఎమ్ఏ కమాండెంట్ అయ్యాడు. 1962 చైనా యుద్ధంలో ఏం తప్పు జరిగిందో విచారించడానికి లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్‌తో కలిసి వేసింది కూడా ఆయన్నే, అప్పటికి ఆయన ఐఎమ్ఏలోనే ఉన్నాడు. అలాంటి మనిషి కేడెట్ల ముందు నిలబడి భయం గురించి మాట్లాడితే ఎలా ఉంటుందో ఊహించుకో. ఆ తర్వాత సెంట్రల్ కమాండ్, నార్దర్న్ కమాండ్ చూసి, చివర్లో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ ఛైర్మన్‌గా పనిచేస్తూ 1975లో పోయారు. మైన్లు, పాఠాలు, ఆనకట్టలు, మూడూ ఒకే జీవితంలో.

బాంబే సాపర్స్ ఆఫీసర్ రామ రాఘోబా రాణే గురించి కూడా చదువు. 1948 ఏప్రిల్, నౌషెరా నుంచి రాజౌరీ వెళ్ళే దారి. మైన్లు, అడ్డంగా పడేసిన చెట్లు, పైనుంచి కాల్పులు. ఆయన ట్యాంకు కింద పాకుతూ, ట్యాంకుతో పాటే కదులుతూ, డ్రైవర్‌కి తాడు లాగి సిగ్నల్ ఇస్తూ ముందుకెళ్ళాడు. పరమవీర చక్ర వచ్చింది. నేను ఈ కథ క్లాసులో చెప్పినప్పుడు ధైర్యం గురించి ఎక్కువ చెప్పేవాణ్ణి కాదు, ఆ తాడు గురించి చెప్పేవాణ్ణి. ఇంజన్ మోతలో మాట వినపడదు, రేడియో పనికిరాదు, మరి పైవాడికి కిందవాడి మాట ఎలా చేరుతుంది? ఆ ప్రశ్న వేసి ఊరుకుంటే క్లాసు అరగంట తనంతట తనే నడిచేది.

నా తప్పు ఒకటి చెప్పాలి, ఇన్‌స్ట్రక్టర్ అవ్వాలనుకునేవాడికి పనికొస్తుంది. మేజర్‌గా ఒక ట్రైనింగ్ సెంటర్‌లో ఉన్నప్పుడు యంగ్ ఆఫీసర్లని ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళి వంతెన ఎక్కడ వెయ్యాలో తేల్చమనే ఎక్సర్‌సైజ్ ఉండేది. డైరెక్టింగ్ స్టాఫ్ చేతిలో ఒక ఆన్సర్ ఉంటుంది, దాన్ని 'పింక్' అంటాం. ఒక కెప్టెన్ పింక్‌కి రెండొందల మీటర్లు ఎగువన సైటు చెప్పాడు. నేను అందరిముందు కొట్టిపారేశాను, గ్యాప్ అక్కడ ఎక్కువ, లెక్క తప్పు అని. వాడు ఎదురు చెప్పలేదు కానీ మొహం చూస్తే ఒప్పుకోలేదని తెలిసింది. రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు తెల్లారకముందే వాణ్ణి లేపి ఇద్దరం అవతలి ఒడ్డుకి వెళ్ళాం. పింక్‌లో ఉన్న చోట వాడు ఒక వెదురు కర్ర గుచ్చాడు, మోకాలి ఎత్తు దిగిపోయింది. కిందటి వానలకి ఒండ్రు కొట్టుకొచ్చి పేరుకుంది, పింక్ రాసినప్పుడు అది లేదు. వంతెన పడుతుంది కానీ దిగిన మొదటి లారీ అక్కడే కూరుకుపోతుంది. వాడు చెప్పిన చోట నేల గట్టిగా ఉంది. ఆ రోజు క్లాసు మొదలుపెడుతూనే నిన్న నేను తప్పు, ఇతను రైట్, ఎందుకంటే ఇతను అవతలి ఒడ్డు కూడా నడిచి చూశాడు, నేను చూడలేదు అని చెప్పాను. పింక్ మార్పించాను. ఆ బ్యాచ్ వాళ్ళు ఇప్పటికీ ఫోన్ చేస్తారు. మిలిటరీ టీచింగ్‌లో పెద్ద ప్రమాదం ఇదే, భుజం మీద రాంకు ఉంటుంది కాబట్టి నీ తప్పుని కూడా 'యస్ సర్' అనేస్తారు. ఇక్కడ నేర్పిన తప్పు ఎక్కడో బోర్డర్‌లో ప్రాణం మీదకొస్తుంది.

కష్టాలు కూడా చెప్పాలి కదా. రెండు మూడేళ్ళకోసారి సామాను కట్టడం, పిల్లల స్కూళ్ళు మారడం, ఫీల్డ్ పోస్టింగ్‌లో కుటుంబం దూరంగా ఉండటం. మా అమ్మాయి పదో తరగతిలోపు ఆరు స్కూళ్ళు మారింది, తెలుగు రాయడం ఇంట్లో మా ఆవిడ నేర్పింది. మంచి ఇన్‌స్ట్రక్టర్ అని పేరొచ్చినా టెన్యూర్ అయ్యాక మళ్ళీ ఫీల్డ్‌కే, అక్కడే ఉండిపోతానంటే కుదరదు, ఉండకూడదు కూడా, ఎందుకంటే ఫీల్డ్ వదిలి ఐదేళ్ళయితే చెప్పే పాఠం పాతబడిపోతుంది. షార్ట్ సర్వీస్‌లో 10 లేదా 14 ఏళ్ళకి బయటికొస్తే మామూలు పెన్షన్ ఉండదు, ఆ లెక్క ముందే వేసుకో. పర్మనెంట్ అయితే కల్నల్ దాకా 54 ఏళ్ళకి రిటైర్మెంట్, అప్పటికి ఇంకా ఓపిక ఉంటుంది, నా బ్యాచ్ వాళ్ళు చాలామంది ఇంజనీరింగ్ కాలేజీల్లో, ప్రాజెక్టుల్లో పని చేస్తున్నారు.

ఈ ఏడాది చెయ్యాల్సినవి చెప్తాను. హిందీ నేర్చుకో, సినిమా హిందీ కాదు, ఒక పని ఎలా చెయ్యాలో వివరించగలిగే హిందీ, నేను దీనికి చాలా ఇబ్బంది పడ్డాను. రోజూ పరుగెత్తు, బీచ్ దగ్గరే ఉంది నీకు. ఎన్‌సీసీ ఉంటే సీ సర్టిఫికెట్ పూర్తి చెయ్యి. సర్వేయింగ్ ల్యాబ్ మాత్రం వదలకు, లెవెలింగ్, థియోడలైట్ చేత్తో పట్టుకున్నవాడికి మా దగ్గర సగం పని అయిపోయినట్టే. ఒక ఆదివారం ధవళేశ్వరం వెళ్ళి కాటన్ మ్యూజియం చూసి రా, బ్యారేజ్ మీద నిలబడి ఈ రాళ్ళు, ఈ మనుషులు, ఈ నీళ్ళు ఏ వరసలో వచ్చి ఉంటాయో ఆలోచించు.

ఎస్ఎస్‌బీలో ఐదు రోజుల్లో ఒకచోట లెక్చరెట్ అని ఉంటుంది, ఇచ్చిన టాపిక్కుల్లో ఒకటి ఎంచుకుని, మూడు నిమిషాలు ఆలోచించుకుని, మూడు నిమిషాలు గ్రూపు ముందు మాట్లాడాలి. నీకు పాఠం చెప్పడం నిజంగా ఇష్టమో కాదో అక్కడ తేలిపోతుంది. దానికి ఇప్పట్నుంచే మీ హాస్టల్లో నలుగురు జూనియర్స్‌ని కూర్చోబెట్టి రోజుకొక టాపిక్ మూడు నిమిషాల్లో చెప్పు, బోర్డు లేకుండా, చేతికి దొరికిన వస్తువుతో. ఫోన్‌లో రికార్డు చేసి ఇక్కడ కింద పెట్టు, విని ఎక్కడ తడబడ్డావో చెప్తాను. సాయంత్రం ఏడు తర్వాత నేను ఖాళీగానే ఉంటాను.